గిన్నెడు తోడు

ఆ ఏడు సజ్జలు ఇంటికి చేరాక అక్క తన అన్న కర్మలకని పుట్టిన ఊరు మిరిగు వెళ్లింది. కర్మలు అయిపోయాయి. వచ్చినవాళ్లంతా ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అక్క మాత్రం తిరిగి రాలేదు.

అక్కంటే మా ఆయన మొదటి భార్య, పేరు అతంపొక. నేను రెండోదాన్ని. నేను ఈ ఇంటికి వచ్చిన రోజున నా తలమీది మూట దించింది అక్కే. సంకటి చేతిమీద చిందకుండా ఎలా తిప్పాలో, అత్త నోటికి ఎప్పుడు జవాబు చెప్పాలో, ఎప్పుడు చెప్పకూడదో నేర్పింది కూడా అక్కే. ఆమెకు పుట్టినవాళ్లు ఎవరూ దక్కలేదు. నాకు మొదటి కానుపులోనే మగపిల్లాడు పుట్టాడు. వాడికి మొదటి స్నానం చేయించిందీ ఆమే.

ఎడారి దుమ్ము మోసుకొచ్చే హర్మటాన్ గాలి మొదలయ్యాక ఒక ఉదయం ఊడుద్దామని అక్క గదిలోకి వెళ్లాను. ఆ గాలికి ఇల్లంతా దుమ్ము పడుతుంది కాబట్టి ముందు నేనేమీ పట్టించుకోలేదు. కానీ చాప మీద పడి ఉన్నది బయటి ఎర్ర దుమ్ము కాదు. జల్లెడ పట్టిన పిండిలా, లేత పసుపుగా ఉంది. ఊడ్చేశాను. తట్టలోకి ఎత్తేలోపు మళ్లీ సన్నగా రాలింది. చీపురు ఆపి విన్నాను. నెత్తిమీద ఎక్కడో కరకరమని ఒకటే చప్పుడు.

అత్తను పిలిచాను. ఆమె కర్ర ఊనుకుంటూ వచ్చి, అదే కర్ర పైకెత్తి మధ్య దూలాన్ని పొడిచింది. పండిన బొప్పాయిలోకి దిగినట్టు దిగింది కర్ర.

"అయిపోయిందే. వానలకి ఇది నిలవదు" అంది.

"పడితే మళ్లీ వేసుకుందాం అత్తా."

"ఎవరు వేస్తారు? కప్పు లేని గది ఒక్క వానాకాలం తడిస్తే గోడలు కరిగిపోతాయి. గోడలు కరిగితే మీ ఆయన చదును చేసి బెండ విత్తనాలు వేస్తాడు. ఈ ఊళ్లో ఇళ్ల మధ్య బెండ మళ్లు చూళ్లేదూ నువ్వు? ఒక్కో మడీ ఒక్కో ఆడమనిషి గదే. గది పోయాక ఇంకెక్కడికి వస్తుందే మనిషి?"

వీపున ఉన్న పిల్లాడు కదిలాడు. నేను తల దించుకుని మళ్లీ ఊడవడం మొదలుపెట్టాను.

అక్క ఎందుకు తిరిగి రాలేదో పైకి అనకపోయినా ఇద్దరికీ తెలుసు. అంతకు ముందు ఎండాకాలంలో అక్క తన గదికని దూలాలు సిద్ధం చేసుకుంది. నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, కషాయం పట్టించి గోడవారన పేర్చింది. అప్పుడు నాకు నెలలు నిండాయి. నా గది కప్పు ఒకవైపు కుంగి ఉంది. మా ఆయన ఎవరినీ అడగకుండా ఆ దూలాలు తీసుకెళ్లి నా గదికి వేశాడు. ఆ రోజు ఊళ్లో ఆడవాళ్లతో పాటు అక్క కూడా నా మిద్దె మీదికెక్కి మట్టి దిమ్మిస కొట్టింది. "ఆ సందు బాగా మెత్తవే, పసివాడు పడుకునే చోటు" అని పక్కదానికి చెప్పింది. అంతకు మించి ఒక్క మాట లేదు.

"ఆ రోజు గోల చేసుంటే బాగుండేది. తిట్టుంటే బాగుండేది. నేనైతే వాడి గొంతు పట్టుకునేదాన్ని" అంది అత్త, నా మనసులోకి చూసినట్టు.

ఆ సాయంత్రం మా ఆయన వాకిట్లో కూర్చుని వేయించిన వేరుశనగలు నములుతున్నాడు.

"దూలాలు కొట్టుకురావాలి. అక్క గదికి" అన్నాను.

"ఆమె వస్తానని కబురు పంపిందా?"

నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి అత్త అందుకుంది. "ఒరేయ్ అసంపనా! పెళ్లాం నెత్తిమీద కప్పు లేకుండా చేసి, పైగా కబురు రాలేదని అడుగుతున్నావా? వేరుశనగలు గొంతుకి అడ్డం పడటం లేదట్రా నీకు?"

"గినీకోళ్లిచ్చి బాబాయిని పంపాను కదమ్మా."

"పంపావు. అది బాబాయికి కడుపునిండా అన్నం పెట్టి, కోళ్లతో సహా వెనక్కి పంపింది. మొగుడివి నువ్వు కదా? నీ కాళ్లకేమైంది?"

"ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?" అన్నాడు ఆయన. అని, చేతిలో పప్పులు కోళ్లకు చల్లేసి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు గొడ్డలి పట్టుకుని బయల్దేరాడు. తెలిసినవాళ్ల తోటలోంచి టేకు గుంజలు తెచ్చాడు. లేతవి. లోపల చేవ బొటనవేలంత, దానిచుట్టూ అంతా తెల్లచెక్కే. తెల్లచెక్కంటే చెదలకు బెల్లం. ఇవి వద్దని అత్త అంటుందేమోనని నేను ఆమె ముఖం చూశాను. ఆమె ఒకదాని చివర నాలికతో తాకి ఉమ్మేసి, "తీపి పోయేదాకా నీళ్లలో వెయ్యి" అంది.

ఊరవతల ఆనకట్ట కింద నీళ్లలో వేసి, తేలకుండా పైన రాళ్లు పెట్టాడు. ఆ గాలికి నీళ్లు రోజురోజుకీ వెనక్కి పోతున్నాయి. గుంజలు బయటపడితే ఎండకు పగులుతాయి. అందుకని ఆయన వెళ్లి వాటిని లోపలికి నెడుతుండేవాడు. ఒకసారి నేను అంబలి పట్టుకెళ్లేసరికి, చలిగాలిలో మోకాళ్లు దాటిన నీళ్లలో నిలబడి ఒక్కో గుంజనూ పట్టుకుని మెల్లగా రెండో వైపుకి తిప్పుతున్నాడు. నిద్రపోతున్న పిల్లల్ని పక్కకు తిప్పినట్టుంది. నన్ను చూసి, "బరువెక్కాయి. బాగా తాగాయి" అన్నాడు. అంబలి ఒడ్డున పెట్టి వచ్చేశాను.

ఇక కషాయం పని నాది. నేను పుట్టిన ఊళ్లో మా ఇళ్లన్నీ గడ్డి కప్పులే. గడ్డి పాడైతే పీకేసి కొత్తది వేస్తాం. మట్టిమిద్దె అలా కాదు. దూలం పోయిందంటే పైనున్న మట్టంతా మనిషి మీదికి వస్తుంది. అక్క కాస్తున్నప్పుడు నేను పక్కన కూర్చుని పుల్లలు ఎగదోశాను కానీ కుండలోకి తొంగిచూసింది లేదు. కబుర్లు చెప్పుకోవడమే సరిపోయేది.

అయినా మొదలుపెట్టాను. పోయిన ఎండాకాలం డావడావ చెట్టు కాయల్లోని పసుపుపిండి పిల్లలకు పెట్టి, గింజలు పులుసుల్లోకి దాచి, తొక్కలు మిద్దె మూలన ఆరబోసి ఉంచాం. ఆ తొక్కలు దంచి నానబెట్టాను. వేపాకు వేశాను. పొద్దస్తమానం కాచాను. ఎర్రగా, చిక్కగా వచ్చింది. చూడటానికి అక్క కాచినట్టే ఉంది. ఒక గుంజ తెప్పించి ఆరబెట్టి, దానికి పట్టించి, ఎండాక తడి అరచేత్తో రుద్దాను.

నా చెయ్యి ఎర్రగా వచ్చింది. గుంజ తెల్లగా మిగిలింది.

మళ్లీ కాచాను. ఇంకా చిక్కగా కాచాను. మళ్లీ అంతే.

అత్త గోడకానుకుని అంతా చూస్తూనే ఉంది. "తొక్కలన్నీ తగలేసేదాకా ఆపవా? తోడు లేందే అది చెక్కకి పట్టదే. పాలల్లో తోడు వెయ్యకుండా పెరుగు పెరుగంటే అవుతుందా?"

"మరి ఈ మాట ముందే చెప్పచ్చు కదా!"

"అడిగావా? మహారాణిలా పొయ్యి వెలిగించావు."

"తోడు ఎక్కడుంది?"

"మీ అక్క కుండలో. కడగని కుండ అది. ఏటికేడు కాచినదాంట్లో కొంచెం అడుగున ఉంచి, దాన్నే మళ్లీ ఏడు కొత్తదాంట్లో కలుపుతాం. వాళ్ల అన్న ఇంటి మిద్దె బాగుచెయ్యాలని పట్టుకెళ్లింది."

"పోనీ మీరు కాచి ఇవ్వలేరా అత్తా?"

"ఒకప్పుడు కాచాను. ఇప్పుడా కుండ నాది కాదు." తర్వాత లోపలికి వెళ్లి సొరబుర్ర గిన్నె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మిరిగు వెళ్లు. పిల్లాణ్ణి కూడా తీసుకెళ్లు, అది చూసి చాలా రోజులైంది. గిన్నెడు తోడు అడుగు. గిన్నెడే. వింటున్నావా? గిన్నె నిండగానే వచ్చెయ్."

వీపున పిల్లాడితో బరువు మోయలేనని అంటోంది కాబోలనుకున్నాను.

నేను వెళ్లేసరికి అక్క వాకిట్లో ఒక చిన్నపిల్లని కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడలు అల్లుతోంది. చావింటికని గీయించుకున్న తలమీద ఆమెకు జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. లేవలేదు. ఆ పాయ అల్లడం పూర్తిచేసి, ముడివేసి, అప్పుడు లేచి నేరుగా నా వీపు వైపుకి వచ్చింది.

"ఏరా నా మొగుడా! ఇంత బరువయ్యావేంట్రా? మీ అమ్మ సంకట్లో రాళ్లు కలుపుతోందా?"

వాడు రెండు చేతులూ చాచి ఆమె మీదికి దూకాడు. నేను వీపుకు కట్టిన గుడ్డ విప్పేలోపే సగం జారిపోయాడు. ఆమె వాణ్ణి మెడకు అదుముకుని, వాడి తల వాసన చూసుకుంటూ అటు తిరిగి నిలబడింది.

సజ్జపిండి కలిపిన నీళ్లు ఇచ్చింది. తాగాను.

"అత్త కీళ్లెలా ఉన్నాయి?"

"నోరు బాగుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకు నవ్వానని అప్పుడనిపించింది.

"ఇంతకీ గిన్నె పట్టుకొచ్చావేం?"

"తోడు కావాలక్కా. దూలాలకి."

"ఎవరి గదికి?"

దారిలో అనుకున్నాను, మేకల కొట్టానికని చెబుదామని. తీరా అడిగితే, "నీ గదికి" అనేశాను.

ఆమె పిల్లాడి పాదాలు తుడుస్తోంది. తుడుస్తూనే ఉంది. "మధ్య దూలం కూడా పోయిందా?"

"అదే ముందు పోయింది."

"పోతుంది. తూర్పు గోడలోంచి ఎక్కుతాయవి. ఎన్నేళ్లనుంచో చెబుతూనే ఉన్నాను."

"వచ్చెయ్ అక్కా. గుంజలు నీళ్లలో ఉన్నాయి. ఆయనే వెళ్లి తిప్పుతున్నాడు."

"ఆయనా? నీళ్లలో దిగి?"

"మోకాళ్లు దాటి."

"దాటనివ్వకు. ఆయనకి ఛాతీ మంచిది కాదు. ఈ గాలికి నెలంతా దగ్గుతాడు, మళ్లీ నువ్వే కాపడం పెట్టాలి." ఆమె పెదాలు నవ్వబోయి ఆగాయి. "నీళ్లలోకి దిగాడా!"

అప్పుడు ఆ జడల పిల్ల, "అమ్మా, దువ్వెన ఎక్కడ పెట్టావ్?" అని లోపలినుంచి అరిచింది.

"గూట్లో చూడవే" అంది అక్క, తల తిప్పకుండానే.

మా ఇంట్లో ఆమెను ఆ పిలుపు పిలిచినవాళ్లు ఎవరూ లేరు. నేను విన్నానని ఆమెకు తెలిసింది. "వీళ్లమ్మ ఎప్పుడో పోయింది. ఇప్పుడు నాన్న. చిన్నది ఇంకా పక్క తడుపుతుంది" అంది, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు.

పిల్లాడు ఆమె ఒళ్లో నిద్రపోయాడు. వాడు లేచేదాకా ఆమె నాకు పని చెప్పింది. తొక్కలు మరిగాక వడకట్టి ఇంకోసారి మరిగించాలి. గరిటె తిప్పితే వెనకాల దారి పడాలి, ఆ దారి వెంటనే మూసుకోకూడదు. పొయ్యి దించే ముందు తోడు వెయ్యాలి. "చెక్క మనిషి లాంటిది కాదే, పక్కలనుంచి తాగదు, చివరలనుంచి తాగుతుంది. అందుకని ముందు రెండు చివరలూ వేడి కుండలో ముంచు. బుడగలు ఆగేదాకా ఉంచు. పక్కలకి తర్వాత పూసుకోవచ్చు. గోడలో దిగే చివరకి షియా గింజల వెన్న కాచాక మిగులుతుందే, ఆ నల్ల మడ్డి పట్టించు. ఏం చెప్పాను? చెప్పు మళ్లీ."

చెప్పాను.

"అంతసేపూ నా పక్కనే కూర్చుని ఏం చూశావే అప్పట్లో?"

"నిన్ను చూశాను" అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. కుండ తెచ్చింది. నల్లగా, మూతికి గుడ్డ కట్టి ఉంది. బయట కూడా కారిన చారలు పొరలు పొరలుగా గట్టిపడి తాటితొక్కలా ఉంది. నేను గిన్నె చాచాను.

"గిన్నెడు చాలక్కా. అత్త గిన్నెడే తెమ్మంది."

గుడ్డ ముడి విప్పబోతున్న ఆమె చెయ్యి ఆగింది. "గిన్నెడే అందా?" అని నా ముఖంలోకి చూసింది. తర్వాత ముడి మళ్లీ బిగించింది. "ఇన్ని దూలాలకి గిన్నెడు ఏ మూలకొస్తుంది? ముసల్దానికి పిసినారితనం పోలేదు. తల వంచు."

తల వంచాను. తన నడుముకున్న గుడ్డ విప్పి, చుట్టకుదురు చేసి నా నెత్తిన పెట్టింది. దానిమీద కుండ పెట్టింది. పెట్టాక కూడా రెండు చేతులూ వెంటనే తియ్యలేదు. "మెడ తిన్నగా ఉంచు. ఆఁ. అంతే" అంది.

దారి మలుపులో షియా చెట్టుదాకా వచ్చింది. పిల్లాడి పాదం ఒకటి నా వీపు పక్కనుంచి వేలాడుతుంటే దాన్ని పట్టుకునే నడిచింది.

"ఇక వెళ్లు. వెనక్కి తిరక్కు, తొణుకుతుంది" అంది.

తిరగలేదు. నవ్వుకుంటూ నడిచాను. గిన్నెడు అడిగితే కుండే దొరికింది. కుండ మా ఇంట్లో ఉంటే, మాకోసం కాకపోయినా కుండకోసమైనా రాకుండా ఎక్కడికి పోతుంది? దారంతా అదే అనుకున్నాను. వానలు పడేలోగా వచ్చేస్తుందని, ఆమెకు ఇష్టమని గోంగూర మడికి అప్పుడే రెండు వరసలు ఎక్కువ వెయ్యాలని కూడా అనుకున్నాను.

అత్త వాకిట్లో వేరుశనగలు ఒలుస్తోంది.

"అత్తా, చూడు!"

చూసింది. "గిన్నె ఏది?"

"గిన్నెందుకు, కుండ మొత్తం ఇచ్చేసింది!"

"నువ్వు అడిగావా?"

"లేదు. తనే."

"నీ తలమీద తనే పెట్టిందా?"

"తనే. చుట్టకుదురు కూడా తన గుడ్డే."

అత్త మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే పప్పులు పొట్టు కుప్పలోనూ, పొట్టు పప్పుల గిన్నెలోనూ వేస్తోంది.

"నేను గిన్నెడు తెమ్మన్నాను కదే తల్లీ" అంది చివరికి. నన్ను ఆమె తల్లీ అనడం అదే మొదటిసారి. "అడిగినవాళ్లకి గిన్నెడు ఇస్తాం. ఎవరొచ్చినా ఇస్తాం. కుండ ఇచ్చేది ఒక్కసారే. నా చేతులు వణకడం మొదలయ్యాక మీ అక్క తలమీద నేను పెట్టాను ఇదే కుండ. ఆ రోజునుంచి ఈ ఇంటికి పెద్దాడది అదే. నేను మళ్లీ ఆ పొయ్యి దగ్గరికి పోలేదు."

నా తలమీద కుండ ఇంకా అలాగే ఉంది. దించేవాళ్లు లేరు.

"వెనక్కి ఇచ్చి వస్తాను. ఇప్పుడే వెళ్తాను. నాకు తెలీదని చెప్తాను."

"ఇవ్వకూడదు. దాని మొహాన కొట్టినట్టుంటుంది." లేచి, వణుకుతున్న చేతులతోనే కుండ పట్టి దించింది. పొయ్యి పక్కన పెట్టింది.

మా ఆయన ఆనకట్టనుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మోకాళ్లదాకా బురద. గుమ్మంలో అడుగుపెడుతూనే పొయ్యి పక్కనున్న కుండను చూశాడు. ఆ ముఖం అలా వెలగడం నేను పిల్లాడు పుట్టినప్పుడు కూడా చూళ్లేదు.

"వచ్చిందా?" అన్నాడు గట్టిగా. అక్క గది వైపు నాలుగు అడుగులు వేశాడు కూడా. "ఏది? లోపలుందా?"

"కుండ వచ్చిందిరా" అంది అత్త.

ఆయన ఈ ఊళ్లో పుట్టినవాడు. ఇంకేమీ అడగలేదు. అక్కడే నిలబడి కాళ్లకున్న బురద ఎండేదాకా చేత్తో రాల్చుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజు సంకటి పెడితే ముట్టుకోలేదు. నేనూ తినలేదు. అత్త మాత్రం తిన్నది. "నేను తినకపోతే మీరిద్దరూ నన్ను చూసి ఏడుస్తారు" అని కసురుకుంటూ తిన్నది.

గుంజలు నీళ్లలోంచి తీసి నీడన పేర్చి ఆరబెట్టాం. గాలి తగ్గి ఎండ ముదిరింది. ఆకాశంలో అక్కడక్కడ మబ్బుతునకలు కనపడుతున్నాయి. ఒకరోజు మా ఆయన గుంజల పక్కన గొంతుక్కూర్చుని, ఎటో చూస్తూ అన్నాడు.

"వీటిని మేకల కొట్టానికి వాడదామా? లేకపోతే ధాన్యం గదికి..."

"అక్క గదికి" అన్నాను.

"అందులో ఎవరుంటారే ఇప్పుడు?" అంది అత్త.

"కుండ నా తలమీద పెట్టింది కదా? అయితే ఈ ఇంట్లో ఏ దూలం ఏ గదికి పోవాలో చెప్పేది నేనేగా. అక్క గదికి."

అత్త నావైపు చాలాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "విన్నావుగా? ఇంకా కూర్చున్నావేం, పాత కప్పు విప్పు."

మళ్లీ తొక్కలు నానబెట్టాను. వడకట్టి మరోసారి మరిగించాను. గరిటె వెనకాల దారి పడింది, మూసుకోలేదు. అప్పుడు అక్క కుండ గుడ్డ విప్పాను. కాలిన బెల్లం, పొగ, తడిసిన తోలు కలిసిన వాసన వచ్చింది. అది కషాయం వాసనని అప్పటిదాకా నాకు తెలియదు. అక్క వాసన అనుకునేదాన్ని. ఆమె పక్కన పడుకున్నప్పుడు, నా కాళ్లకు నూనె రాసినప్పుడు, ఆమె చేతులనుంచి వచ్చేది ఇదే.

తోడు వేశాను. చివరలు ముంచాను. చెక్కలోంచి బుడగలు సన్నగా, ఆపకుండా వచ్చాయి. ఆగేదాకా పట్టుకున్నాను. ఎండాక తడి అరచేత్తో రుద్దితే నా చెయ్యి శుభ్రంగా వచ్చింది. దూలం నల్లగా నిలిచింది.

కప్పు వేసిన రోజు ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చారు. మిద్దెమీద వరసగా నిలబడి మట్టి దిమ్మిస కొడుతుంటే ఒకామె, "ఎవరి గదే ఇది, ఇంత గట్టిగా కొట్టిస్తున్నావు?" అని అడిగింది. ఎవరి గదో ఆమెకు తెలుసు. "గట్టిగా కొట్టు" అన్నాను.

మొదటి వాన పగలే పడింది. పిల్లాణ్ణెత్తుకుని అక్క గదిలోకి వెళ్లి కూర్చున్నాను. పైన నల్లటి దూలాలు. వాన మిద్దెమీద మోగుతోంది. లోపల ఒక్క చుక్క రాలలేదు. కురిసినా బాగుండేదేమో, గిన్నె పెట్టడానికో తుడవడానికో ఏదో పని దొరికేది. ఊరికే కూర్చున్నాను.

విత్తనాలు వేశాక, మా వైపు ఊళ్లన్నీ వచ్చే సిరిగు సంతలో అక్క కనపడింది. షియా వెన్న ముద్దలు పెట్టుకుని కూర్చుంది, పక్కన జడల పిల్ల. జుట్టు మళ్లీ పెరిగింది ఆమెకు. నేను వంగి పలకరిస్తుంటే నా చెయ్యి పట్టుకుని లాగి, అరచెయ్యి తిప్పి చూసింది. గోళ్లచుట్టూ నలుపు ఇంకా పోలేదు. బొటనవేలితో దాన్ని రుద్దింది. పోలేదు.

"చివరలు ముందు ముంచావా?"

"ముంచాను."

"ఎక్కడన్నా కురుస్తోందా?"

"చుక్క కూడా లేదు."

"పొగ పెడుతున్నావా లోపల?"

"రోజూ."

"పొగ చాలదు. వట్టి గదిని చెదలు కనిపెట్టేస్తాయి. పిల్లాణ్ణి అందులో పడుకోబెట్టు."

"అది నీ గదక్కా."

"నా దూలాల కింద నువ్వు పడుకోవడం లేదూ? నీ దూలాల కింద వాడు పడుకుంటే ఏం పోయింది?" అని నవ్వింది. చెయ్యి మాత్రం వదల్లేదు. సంతలో జనం మా ఇద్దరినీ తప్పుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. ఎవరో వెన్న ముద్ద ధర అడిగారు. ఆమె వినిపించుకోలేదు. వంగి నా అరచెయ్యి ఒక్కసారి వాసన చూసుకుని, అప్పుడు వదిలింది.

పిల్లాడు ఆ గదిలోనే పెరిగాడు. పెళ్లయ్యాక కూడా అందులోనే ఉంటానన్నాడు. ఇప్పుడు ఊళ్లో చాలామంది రేకులు వేసుకున్నారు. వానొస్తే మాట వినపడదు ఆ ఇళ్లలో. మా వాడి గది మిద్దె అలాగే ఉంది. అక్క పోయి చాలా ఏళ్లయింది. కర్మలకు వెళ్లినప్పుడు ఆ జడల పిల్లే నా తలమీది మూట దించింది.

ఈ ఎండాకాలం కోడలు తొక్కలు నానబెట్టింది. నా మోకాళ్లు చూసి జాలిపడి, "కాచేది నేను కాస్తానత్తా, మీరు కూర్చోండి" అంటూ కుండ మీద రెండు చేతులూ వేసి ఎత్తబోయింది.

"అక్కడ పెట్టు దాన్ని. గిన్నె తెచ్చుకో" అన్నాను.